కలంకారీ పనితో ఇల్లు గడవాలంటే: తిరుపతి ప్రాంతంలో చేతిపనిని వృత్తిగా ఎంచుకునేవారికి సమగ్ర మార్గదర్శి

పదో తరగతో ఇంటరో పూర్తిచేసిన పిల్లలు "కలంకారీ నేర్చుకుంటాను" అంటే శ్రీకాళహస్తిలోనైనా, తిరుపతిలోనైనా ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న "నెలకు ఎంత వస్తుంది?" అన్నదే. ఆ ప్రశ్నను కళ మీద చిన్నచూపుగా తీసుకోవద్దు. అడగవలసిన ప్రశ్నే అది. "పేరొస్తే డబ్బు అదే వస్తుంది" అన్న సమాధానం మాత్రం చాలదు. గొప్ప చేయి ఉండీ కూలి లెక్క తెలియక ఇబ్బంది పడుతున్నవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. మామూలు చేయితో మొదలుపెట్టి, తన గంటకు విలువ ఎంతో తెలుసుకుని నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఇందులో గీత గురించి ఎంత చెబుతానో లెక్క గురించీ అంత చెబుతాను.

మొదటి అడుగు: ఏ మెట్టు మీద నిలబడతారో తేల్చుకోండి

కలంకారీ అంటే బయటివారికి ఒకే పనిగా కనిపిస్తుంది. లోపల నాలుగైదు రకాల సంపాదనలు ఉన్నాయి. పెద్ద పనివారి దగ్గర చేరి గీసిన బొమ్మలకు రంగు నింపడం ఒకటి. అక్కడే నల్లగీత, అంటే బొమ్మ రూపురేఖ, గీయడం ఇంకొకటి. సొంతంగా ఆర్డర్లు తెచ్చుకుని బట్ట కొనడం నుంచి ఉతకడం దాకా అన్నీ చేసుకోవడం మూడోది. గుళ్లకు, సంస్థలకు కథాపటాలు వేయడం, ఇతరులకు నేర్పడం ఆ తర్వాతివి.

రంగు నింపే పని మన దగ్గర ఎక్కువగా ఆడవాళ్లు చేస్తున్నారు. ఓపిక, శుభ్రత కావలసిన పని. కానీ కూలి అన్నిటికంటే తక్కువ ఇక్కడే. పైగా స్క్రీన్ ప్రింటింగు, డిజిటల్ ముద్రణ మొదట దెబ్బకొట్టేది ఈ పనినే. రంగు నింపడంతో మొదలుపెట్టడంలో తప్పు లేదు, అక్కడే ఆగిపోకూడదని నా గట్టి అభిప్రాయం. పనిలో చేరేటప్పుడే "ఎన్ని నెలలకు నల్లగీత నేర్పుతారు?" అని అడగండి. దానికి సూటిగా జవాబు రాని చోట ఎక్కువ కాలం ఉండవద్దు.

రెండో అడుగు: నేర్చుకునే చోటు

శ్రీకాళహస్తి కలంకారీ ఒక దశలో దాదాపు ఆగిపోయింది. దేశంలో హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం మొదలయ్యాక మళ్లీ ఊపిరి పోసుకుంది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప చెట్టి ఈ పరంపరలోని వారే. కుటుంబాలలో తరం నుంచి తరానికి వచ్చే పనిని బయటి పిల్లలకు కూడా నేర్పవచ్చని ఆ కేంద్రం చూపించింది. అందుకని "మా ఇంట్లో ఎవరికీ రాదు" అన్న సంకోచం అక్కర్లేదు.

ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్ప కళా సంస్థ 1960 నుంచి ఉంది. అక్కడ కలంకారీలో రెండేళ్ల సర్టిఫికెట్ కోర్సు ఉంది. ఆలయ వాస్తు, రాతి శిల్పం, సుధా (సున్నపు) శిల్పం, లోహ శిల్పం, చెక్క శిల్పం, సంప్రదాయ చిత్రలేఖనం నాలుగేళ్ల డిప్లొమాలు. చేరడానికి పదో తరగతి అర్హత. చేరిన విద్యార్థి పేరున దేవస్థానం లక్ష రూపాయలు బ్యాంకులో డిపాజిట్ చేసి, కోర్సు పూర్తయ్యాక వడ్డీతో కలిపి ఇస్తుంది. ఆ డబ్బును ద్విచక్ర వాహనానికి పెట్టకుండా మొదటి పెట్టుబడిగా దాచుకోండి. పనిముట్లు, బట్ట, ఆరు నెలల ఇంటి ఖర్చు దానితో చాలావరకు గట్టెక్కుతాయి.

రెండో దారి శ్రీకాళహస్తిలో పనిచేసే కుటుంబం దగ్గర చేరడం. సర్టిఫికెట్ రాదు, పని వేగం మాత్రం అక్కడే వస్తుంది. రంగు ఎంత మరిగించాలి, బట్ట ఏ ఎండకు ఆరాలి, కొనేవాడు ఏం అడుగుతాడు అన్నవి తరగతి గదిలో పూర్తిగా పట్టుబడవు. వీలైతే రెండూ చేయండి. కోర్సులో ఉండగానే సెలవుల్లో శ్రీకాళహస్తికి వెళ్లి పనిచోట కూర్చోండి. తిరుపతి నుంచి గంట ప్రయాణం.

మూడో అడుగు: చేతికి రావలసినవి

కలం దగ్గర మొదలుపెడదాం. చివర చెక్కిన వెదురుపుల్లకు కొంచెం పైన ఉన్ని బట్ట చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగును పీల్చుకుంటుంది. వేలితో నొక్కితే మొనకు దిగుతుంది. నొక్కుడు ఎక్కువైతే మరక, తక్కువైతే గీత తెగిపోతుంది. గీతకు సన్న మొన, నింపడానికి మొద్దు మొన. కలం మీరే తయారుచేసుకోవడం మొదటి వారంలోనే నేర్చుకోండి.

తర్వాత రంగుల గుణం. గాడా అనే ముతక నూలు బట్టను ఉతికి, కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి నలుపు అవుతుంది. పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపుతుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు రూపురేఖలు వేసుకుని, ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వారాల తరబడి పులియబెట్టిన నల్ల ద్రావణంతో గీత గీస్తారు. ఎరుపు రావలసిన చోట్ల పటిక నీరు పూసి, మంజిష్ఠ వేసిన నీటిలో బట్టను ఉడికిస్తారు. పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. పసుపుకు కరక పువ్వు, నీలానికి నీలిమందు. పసుపు, నీలం కలిసిన చోట ఆకుపచ్చ. ప్రతి దశ తర్వాతా ఉతుకు ఉంటుంది. ఎందుకు అలా జరుగుతుందో తెలిసిన పనివారు నీరు మారినా, పటిక మారినా తట్టుకుంటారు. తెలియనివారికి ఒక బట్ట చెడితే కారణమే దొరకదు. స్వర్ణముఖిలో పారే నీరు లేని రోజుల్లో బోరు నీటితో ఉతికితే ఎరుపు ఛాయ మారవచ్చు. అందుకే ప్రతి కొత్త నీటికీ ముందు ఒక చిన్న ముక్క మీద పరీక్షించి, ఆ ముక్కను తేదీతో సహా ఒక పుస్తకంలో అంటించి పెట్టుకోండి. అయిదేళ్లకు అది మీ దగ్గర ఉన్న అన్నిటికంటే విలువైన పుస్తకం అవుతుంది.

మూడోది మూర్తి లక్షణం. దీన్ని తేలికగా తీసుకునేవారు మంచి ఆర్డర్లు పోగొట్టుకుంటారు. శ్రీనివాసుడి పై కుడిచేతిలో చక్రం, పై ఎడమచేతిలో శంఖం. కింది కుడిచేయి పాదాలను చూపుతూ వరదముద్రలో, కింది ఎడమచేయి నడుము మీద. అద్దంలో చూసి గీసినట్టు ఇవి తారుమారైతే ఇంట్లో గోడకు కొనేవాడు గమనించకపోవచ్చు, గుడి వాళ్లు మాత్రం పటాన్ని వెనక్కి పంపుతారు. రామాయణ, భారత ఘట్టాలు వేయాలంటే కథ క్రమం, పాత్రల ఆయుధాలు, వాహనాలు నోటికి రావాలి. ఇందులో దిట్ట అయినవారికి యంత్రం పోటీ రాదు.

ఫోనుతో పగటి వెలుగులో చక్కటి ఫొటో తీయడం, హిందీలోనో ఇంగ్లీషులోనో పని గురించి నాలుగు మాటలు చెప్పగలగడం కూడా నేర్చుకోండి. ఇవి నెల రోజుల్లో వచ్చేస్తాయి.

నాలుగో అడుగు: మీ గంటకు ధర కట్టండి

ఈ భాగాన్ని కాగితం, పెన్ను పట్టుకుని చదవండి. కింది అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవి. మీ అంకెలు మీరు వేసుకోవాలి.

ఏడాదికి 365 రోజులున్నా మీరు కలం పట్టేది అన్ని రోజులు కాదు. ఆదివారాలు, పండుగలు, ఆరోగ్యం బాగాలేని రోజులు తీసేయండి. మన ప్రాంతానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి. ఎండ లేక బట్ట ఆరదు. బట్ట కొనడానికి, కొరియరుకు, ప్రదర్శనలకు పోయే రోజులూ ఉన్నాయి. ఇవన్నీ పోగా 220 రోజులు మిగిలాయనుకుందాం. నెలకు 25,000 రూపాయలు ఇంటికి కావాలి, అంటే ఏడాదికి 3,00,000. పనిచోటు అద్దె, కరెంటు, ఫోను, ప్రయాణాలు, స్టాలు ఖర్చులు ఏడాదికి 60,000. మొత్తం 3,60,000. దీన్ని 220తో భాగిస్తే రోజుకు సుమారు 1,636. ఎనిమిది గంటల పనికి గంటకు 205 రూపాయలు.

ఇప్పుడు 30 గంటలు పట్టే ఒక దుపట్టా తీసుకోండి. శ్రమ 30 గంటలకు 6,150. బట్ట, కరక్కాయ, పాలు, రంగులు, వంటచెరుకు కలిపి 1,000. ఇరవైలో ఒకటి చెడుతుందనుకుని అయిదు శాతం కలిపితే దాదాపు 7,500. ఇది మీ చేతి నుంచి బయటికి వెళ్లే ధర. దుకాణం తన లాభం దీనిపైన వేసుకుంటుంది.

అదే దుపట్టాను ఒక వ్యాపారి 3,000కు అడిగాడు, చేతిలో డబ్బు లేక మీరు ఒప్పుకున్నారు. ముడిసరుకు 1,000, చెడిపోయే వాటి కింద 150 తీస్తే 1,850 మిగిలింది. గంటకు 62 రూపాయలు, రోజుకు దాదాపు 493. అందులోంచి పనిచోటు ఖర్చుల వాటా రోజుకు 273 పోతే 220 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పథకం రోజు కూలి 307 రూపాయలు. ఏళ్ల తరబడి నేర్చుకున్న చేయికి అంతకంటే తక్కువ ముట్టింది. చేతికి మూడు వేలు వచ్చాయి కాబట్టి నష్టం కంటికి కనిపించదు. ఈ లెక్క వేసుకోకపోవడమే మన పనివారిని బీదరికంలో ఉంచుతున్నదని నేను నమ్ముతున్నాను.

అలాగని మూడు వేల గిరాకీని పోగొట్టుకోవద్దు. అంతే పెట్టగల కొనుగోలుదారుకు 11 గంటల్లో అయ్యే పని ఇవ్వండి. ముడిసరుకు 600, శ్రమ 2,255, అయిదు శాతం కలిపితే సరిగ్గా మూడు వేల దగ్గరికి వస్తుంది. అంచు మాత్రమే గీసిన దుపట్టా, జాకెట్టు ముక్క, ఒకే మూర్తి ఉన్న చిన్న గోడపటం ఇలాంటివి. నిండుగా కథ ఉన్న పనిని దాని ధర పెట్టేవారి కోసం ఉంచండి.

గంటలు తగ్గించే మార్గం ఇంకొకటి ఉంది. ఒక్కొక్క బట్టను విడిగా మరిగించడం, ఉతకడం మానండి. ఆరేడు బట్టలను ఒకే దశకు తెచ్చి ఒకే గంగాళంలో వేయండి. ఆరే సమయం మీ పని గంట కాదు, ఆ వేళకు ఇంకో బట్ట మీద గీత సాగాలి. మూడు నెలల పాటు ప్రతి బట్టకూ ఏ దశకు ఎన్ని గంటలు పట్టాయో రాయండి. గీతకు అనుకున్నదానికంటే తక్కువ, ఉతుకుకు ఎక్కువ పడుతున్నదని చాలామందికి అప్పుడే తెలుస్తుంది.

కూలికి పనిచేస్తున్నవారు కూడా ఇదే లెక్క వేసుకోవాలి. రేటు బట్టకు ఇస్తారా, అడుగుకు ఇస్తారా, రోజుకు ఇస్తారా అన్నది కాదు, గంటకు ఎంత పడిందన్నది చూసుకోండి. రంగు నింపే ఆమెకు గంటకు పడేదీ గీత గీసే ఆయనకు పడేదీ పక్కపక్కన రాస్తే ఏ నైపుణ్యం మీద సమయం పెట్టాలో మీకే అర్థమవుతుంది.

అయిదో అడుగు: కాగితాలు

కేంద్ర జౌళి శాఖ కిందనున్న హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డు ముందుగా తీసుకోండి. ప్రదర్శనలు, శిక్షణలు, అవార్డుల దరఖాస్తులు అన్నిటికీ అదే ఆధారం. మీరు నిజంగా పనిచేస్తారా లేదా చూసే ఇస్తారు కాబట్టి పని నమూనాలు వెంట తీసుకెళ్లండి. మధ్యవర్తికి డబ్బు ఇవ్వవద్దు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గురించి అందరూ చెబుతుంటారు. అందులో 18 వృత్తులున్నాయి. రాతి శిల్పులు, వడ్రంగులు, బొమ్మలు చేసేవారు, కుమ్మరులు ఉన్నారు. కలంకారీ ఆ జాబితాలో లేదు. ఏర్పేడు మండలం మాధవమాలలో చెక్క విగ్రహాలు చేసేవారికి, పలమనేరు మట్టిబొమ్మల పనివారికి మాత్రం బాగా పనికొస్తుంది. పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, శిక్షణ రోజులకు 500 చొప్పున భృతి, అయిదు శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల రుణం. కుటుంబంలో ఒక్కరికే. కలంకారీ వారికి, చిన్న వ్యాపారాలకు బ్యాంకులు ఇచ్చే ముద్రా రుణం దారి ఉంది. శిశు విభాగంలో 50,000 దాకా, కిశోర్‌లో 5 లక్షల దాకా. చేతిలో ఆర్డరు లేకుండా రుణం తీసుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉచితం, ఫోనులోనే అవుతుంది. దాని అసలు ఉపయోగం వచ్చే అడుగులో చూడండి. పన్ను విషయానికొస్తే, నోటిఫై చేసిన హస్తకళా వస్తువులను ఇతర రాష్ట్రాలకు అమ్మినా ఏడాది టర్నోవరు 20 లక్షల లోపు ఉన్నంతవరకు జీఎస్టీ రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. పాన్ ఉండాలి.

ఆరో అడుగు: అమ్మకం, డబ్బు రాబట్టడం

తిరుపతిలో ఉన్నవారికి ఉన్న అదృష్టం యాత్రికుల రాక. కానీ దర్శనానికి వచ్చినవారు చేతిసంచీలో పట్టేది, బడ్జెట్టులో ఇమిడేది కొంటారు. 11 గంటల పనులకు అది సరైన బజారు. లేపాక్షి దుకాణాలు, తిరుచానూరు దారిలోని శిల్పారామం, శివరాత్రి రోజుల్లో శ్రీకాళహస్తి ఇందుకు అనువైనవి. పెద్ద పటాలు, పూర్తి చీరలు అమ్మాలంటే బయటికి పోవాలి. ఢిల్లీ హాట్, ఫిబ్రవరిలో జరిగే సూరజ్‌కుండ్ మేళా వంటి చోట్లకు వచ్చేవారు చేతిపని తెలిసి వస్తారు. వానాకాలంలో అమ్మకానికి సరుకు ఉండాలంటే ఆగస్టు, సెప్టెంబరులోనే ఉడికించే పనులు ముగించుకోవాలి. వానల రోజులను గీతలకు, కొత్త నమూనాలకు ఉంచుకోండి.

ఆర్డరు తీసుకునేటప్పుడు సగం బయానా అడగడానికి మొహమాటపడవద్దు. బట్ట కొలత, బొమ్మ, రంగులు, ఇచ్చే తేదీ, మార్పులు ఎన్నిసార్లు చేస్తారో వాట్సాప్‌లో రాసి, కొనేవారితో "సరే" అనిపించుకోండి. బయానా ఇవ్వని ఆర్డరు చాలాసార్లు చివరి నిమిషంలో రద్దవుతుంది, బట్ట మీ దగ్గర మిగిలిపోతుంది.

దుకాణాలు "అమ్ముడయ్యాక ఇస్తాం" అంటాయి. మొదట్లో రెండు మూడు ముక్కలతో ఒప్పుకోవచ్చు, మొత్తం సరుకు అలా ఇవ్వకూడదు. సరుకు కొనేసి డబ్బు ఆలస్యం చేసేవారి విషయంలో 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం మీ పక్షాన ఉంది. ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న ఉత్పత్తిదారుకు, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఎంఎస్‌ఎంఈ శాఖ పోర్టలులో ఫిర్యాదు చేయవచ్చు. అందుకే సరుకు ఇవ్వకముందే నమోదు అయి ఉండాలి, ప్రతి సరుకుకూ బిల్లు ఉండాలి. చాలాసార్లు బిల్లు మీద ఉద్యమ్ నంబరు కనబడడంతోనే చెల్లింపు కదులుతుంది.

ఏడో అడుగు: మీ గీతను కాపాడుకోండి

శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు పనికే ఆ పేరు దక్కే హక్కు) వచ్చింది. అయినా మిల్లులో ముద్రించిన బట్ట "కలంకారీ" పేరుతో కొన్ని వందలకే దొరుకుతోంది. కొనేవారిని నిందించి లాభం లేదు, తేడా చూపించాలి. చేతిగీత మందం ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. ఒకే పువ్వు రెండుసార్లు వస్తే రెండూ అచ్చంగా ఒకటి కావు. నల్ల ద్రావణం బట్టలోకి ఇంకి వెనుక వైపు కూడా కనిపిస్తుంది. మీ స్టాలులో ముద్రించిన ముక్కనూ, మీ పనినీ పక్కపక్కన పెట్టి తిప్పి చూపండి. ఒక నిమిషం పని అది, ధర తగ్గించమని బేరమాడడం చాలావరకు అక్కడే ఆగుతుంది. భౌగోళిక గుర్తింపు చట్టం కింద అధీకృత వినియోగదారుగా వ్యక్తిగతంగా నమోదు చేయించుకోండి, ఆ పేరును హక్కుగా వాడుకోవచ్చు.

బొమ్మను ముద్రణకు అమ్మేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. డిజైనుగా నమోదు చేయదగిన దాన్ని నమోదు చేయించకుండా, మీ అనుమతితోనే యంత్రం మీద 50 సార్ల కంటే ఎక్కువ వస్తువులపై వేస్తే కాపీరైటు చట్టం ప్రకారం ఆ డిజైను మీద మీ కాపీరైటు పోతుంది. కాబట్టి మీ బొమ్మలు ముద్రించి అమ్ముతామని ఏ సంస్థ అయినా వస్తే, ముందు డిజైను నమోదు చేయించి, తర్వాతే ధర మాట్లాడండి. ఒకేసారి ఇచ్చే చిన్న మొత్తానికి సంతకం పెట్టవద్దు.

ఎనిమిదో అడుగు: ముందున్న దారి చూసి మలుపు తీసుకోండి

సొంతంగా మొదలుపెట్టి రెండేళ్లయ్యాక గంటల లెక్క రాసుకున్న పుస్తకం తెరిచి చూడండి. గంట రాబడి ఏటా పెరుగుతుంటే అదే దారిలో సాగండి. నిలిచిపోతే పక్క దారులు ఉన్నాయి. కథాపటాలు, గుడి పనులు నిదానంగా వస్తాయి, కానీ ఒక్క పని రెండు మూడు నెలల ఇంటి ఖర్చు తీరుస్తుంది. నేర్పడం ఇంకొకటి. నగరాల్లో రెండు రోజుల తరగతులకు వచ్చేవారు బట్ట కొనేవారికంటే తేలికగా డబ్బు కడతారు, మీ బట్ట నిల్వ కూడా చిక్కుకోదు. రంగుల రసాయనం మీద ఆసక్తి ఉంటే వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య స్మారక చేనేత సాంకేతిక సంస్థలో డిప్లొమా చేసి, సహజ రంగులు వాడే సంస్థల్లో జీతం పనికి వెళ్లవచ్చు.

చెక్కపని వైపు వెళ్లేవారు ఎర్రచందనం విషయంలో ఒక్క అడుగు కూడా తప్పు వేయవద్దు. శేషాచలం చెట్టుకు అంతర్జాతీయంగా సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) రక్షణ ఉంది. చట్టబద్ధమైన కాగితాలు లేని దుంగ మీ పనిచోటులో దొరికితే మీ జీవనోపాధే పోతుంది. అటవీ శాఖ నుంచి సరైన పత్రాలతో వచ్చినది కాకపోతే వేప, టేకు వంటి కర్రతోనే పని చేయండి. చిన్న విగ్రహాలను ఇప్పుడు కంప్యూటర్ యంత్రాలు చెక్కేస్తున్నాయి. గుడి వాహనాలు, తలుపులు, రథాల పని ఇంకా చేయి అడుగుతోంది. రాతి శిల్పం నేర్చినవారికి పని కోసం తిరుపతిలోనే కూర్చోనవసరం లేదు, గుడి కట్టే చోటికల్లా పిలుపు వస్తుంది. కానీ దుమ్ము నుంచి ఊపిరితిత్తులను కాపాడుకోవాలి. ముక్కు, నోరు మూసే మంచి మాస్కు, నీరు చల్లుతూ చెక్కడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

కలంకారీలోనూ నడుము, మోకాళ్లు, కళ్లు తొందరగా అరుగుతాయి. ఎత్తు పలక, వెనుక ఆనుకునే చోటు, గంటకోసారి లేచి నడవడం ఖర్చు లేని పనులు. కళ్లజోడు అవసరమైతే వాయిదా వేయవద్దు. గీత తడబడడానికి చేతి లోపం కంటే చూపు లోపమే కారణం కావడం ఎక్కువ.